వంశవృక్షంలో అక్కర్లేని వరుస

పుంగనూరులో బస్టాండు వెనక సందులో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. నవలల కోసం వచ్చేవాళ్లు అక్కడ ఎప్పుడో తగ్గిపోయారు. పొద్దున పేపరు కోసం పదిమంది, మధ్యాహ్నం పోటీ పరీక్షల పుస్తకాల కోసం ఇరవైమంది వస్తారు. తక్కినవాళ్లు చచ్చిపోయినవాళ్ల కోసం వస్తారు. కిటికీ పక్కనున్న రెండు ఇనుప బీరువాల్లో చుట్టుపక్కల ఊళ్ల తాతలూ ముత్తాతలూ ఇంటిపేర్ల వారీగా, అక్షరక్రమంలో ఉన్నారు. వాళ్లను అక్కడికి చేర్చినవాడు శరత్ బాబు.

ఏటా గ్రంథాలయ వారోత్సవాలప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి శాలువా కప్పించుకుని, తన మూలాలు తెలుసుకున్నవాడే మనిషి అని ఉపన్యాసం ఇచ్చిపోయేవాడు. శరత్ బాబు వెనక బెంచీలో కూర్చుని నవ్వుకునేవాడు. మూలాలు తెలుసుకుందామని వచ్చినవాణ్ణి ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కణ్ణి చూడలేదు. వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక పని ఆగిపోయి ఉంటుంది. ఓటరు కార్డులో గంగులప్ప, ఆధార్‌లో గంగాధర్, పట్టాలో చిన్నగంగడు. ఈ ముగ్గురూ ఒకడేనని ఎవరో ఒకరు రాసిస్తే తప్ప కొడుక్కి వారసత్వ సర్టిఫికెట్ రాదు. ఒక రైతు కుటుంబం ముహూర్తం పెట్టుకున్న తరవాత, రెండు వైపులా గోత్రం ఒకటేనేమో చూడమని వచ్చింది. ఒకటేనని తేలింది. పెళ్లి మాత్రం ఆగలేదు. పిల్లవాడి తరఫువాళ్లు పురోహితుడి చేత ఇంకో గోత్రం చెప్పించుకున్నారు. శరత్ బాబు తన పుస్తకంలో ఆ రెండో గోత్రం కూడా రాసుకున్నాడు, తేదీతో సహా.

అలా ఆయన చేతి కాగితం పట్టుకుపోయి పని చేయించుకున్నవాళ్లు నాలుగైదు వందలమంది ఉంటారు. గ్రంథాలయం ముద్ర, కింద ఆయన సంతకం. మండలాఫీసుల్లో గుమాస్తాలు ఆ సంతకం చూస్తే ఇంకో మాట అడిగేవాళ్లు కాదు.

శరత్ బాబు పుట్టింది మదనపల్లెలో. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ ఆవరణ చుట్టూ బతికే క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, సర్కారు కాగితంలో ఒకటి. ఆదివారం అబ్రహాము సోమవారం చెంగయ్య అవుతాడు. ఇందులో మోసం కంటే లెక్క ఎక్కువ. ఎస్సీలు క్రైస్తవంలోకి పోతే చట్టం వాళ్లను ఎస్సీలుగా చూడదు, బీసీ-సి అంటుంది. రిజర్వేషను పదిహేను శాతం నుంచి ఒక్క శాతానికి దిగుతుంది. ఊళ్లో వాళ్లను చూసే చూపు మాత్రం ఆ ఒక్క శాతం కూడా మారదు. అందుకని రెండు పేర్లు. ఇది పాస్టరుకు తెలుసు, బడి పంతులుకు తెలుసు, పక్కింటివాళ్లకు తెలుసు. ఎవరూ రెండు పేర్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయరు, అంతే.

శరత్ బాబు తండ్రి ఒక్క పేరే రాయించాడు. దేవుడి ముందొకటి, తాసిల్దారు ముందొకటి చెప్పనన్నాడు. చర్చిలో ఆయన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ల పిల్లలకు టీచరు ఉద్యోగాలు వచ్చాయి. శరత్ బాబుకు మూడుసార్లు పోయింది. చివరికి 1988లో గ్రంథాలయంలో మూడో గ్రేడు ఉద్యోగం దొరికింది. తండ్రి మీద కోపం ఆయనకు జీవితాంతం పోలేదు. తండ్రి పద్ధతి కూడా పోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అన్నం అరగదు.

మూడేళ్ల తరవాత మదనపల్లెలో ఒక పాత మిషన్ బడి గది కూలగొడుతుంటే, లోపలి రిజిస్టర్లు పాత పేపర్లవాడి తక్కెడ ఎక్కబోతున్నాయని ఎవరో చెప్పారు. పోయి చూస్తే బాప్తిస్మపు పుస్తకాలు, బడి అడ్మిషన్లు, సమాధుల జాబితాలు. నాలుగు గోతాల్లో కుక్కి, బస్సు టాపు మీద వేసుకుని పుంగనూరు తెచ్చాడు. బీరువాలు అలా మొదలయ్యాయి. తరవాత రైతు కుటుంబాలు కూడా పాత భాగపరిష్కారాల కాగితాలు, గోత్రాల చిట్టాలు తెచ్చి ఇచ్చాయి. అన్నిటినీ కలిపి ఆయన పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించాడు. ప్రతి పేజీకీ ఒక ఇంటిపేరు. సర్కారు పేరు, చర్చి పేరు, ఎవరి బిడ్డ, ఏ ఊరు. ఆఖరున ఎర్రసిరాతో ‘ఆధారం’ అని ఒక గడి. ఆధారం లేకుండా ఆయన ఎవరినీ పుట్టనివ్వడు, చావనివ్వడు.

“బతికినోళ్ల మొగం సూసేకి నీకు తీరిక లేదు. సచ్చినోళ్ల ఇంటిపేర్లు మాత్రం నోటికొస్తాయి,” అనేది భార్య పుష్పమ్మ. ఆమె ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా ముప్పై ఏళ్లు చేసింది. మనుషుల్ని పుట్టించడంలో ఆమెకు చెయ్యి తిరిగింది, ఆయనకు వాళ్లను రాసుకోవడంలో.

2020లో రిటైరయ్యాడు. కొత్త లైబ్రేరియన్ రేవతి పాతికేళ్లది, బుద్ధిమంతురాలు. “సార్, బీరువాల సంగతి నాకు తెల్దు. మీరు రండి,” అంది. ఆయన రోజూ పొద్దున పదికి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. మునుపు జీతానికి చేసిన పని ఇప్పుడు ఊరికే చేశాడు. తేడా ఆయనకు కనబడలేదు.

మరుసటేడు మునిచంద్ర వచ్చాడు. పుంగనూరుకు పది కిలోమీటర్ల దూరంలో ఒక మెట్ట ఊరు ఆయనది. మదనపల్లె యార్డుకు టమాటా తోలే చిన్న లారీకి డ్రైవరు. పూర్వం భూమి లేనివాళ్లకు సర్కారు పంచిన పొలాల్లో ఆయన తాతకు రెండెకరాలు డీకేటీ పట్టా వచ్చింది. అమ్మడానికి లేని భూమి, వారసులకే పోవాలి. తాత పోయాక అది బీడుపడితే, పక్క పొలం శ్రీనివాసులు కంచె జరిపి మామిడి నాటుకున్నాడు. ఇప్పుడు అడిగితే, పట్టాలో ఉన్నది చెంగయ్య, మీ తాత సమాధి మీద ఉన్నది అబ్రహాము, ఆ చెంగయ్య ఎవరో నాకు తెలియదంటున్నాడు.

“సార్, మా తాత ఒకడే. పేర్లు రెండు. ఆ శీనివాసులు రెండు పేర్లకు ఇద్దురు తాతల్ని సేస్తాండాడు.”

“ఇద్దురు తాతలుంటే నీకు నాలుగెకరాలు రావాల కదప్పా,” అన్నాడు శరత్ బాబు, అప్పటికే బీరువా తాళం తీస్తూ.

రెండు రోజులు పట్టింది. 1948 బాప్తిస్మపు పుస్తకంలో అరవైమూడో నంబరు: పాత పేరు చెంగడు, కొత్త పేరు అబ్రహాము, తండ్రి మునిగాడు, ఫలానా ఊరు, ఫలానా కులం. సమాధుల జాబితాలో మూడో వరుస, నలభై ఒకటి. బడి అడ్మిషన్‌లో కొడుకు పేరు పక్కన తండ్రి చెంగయ్య. మూడూ ఒకదానిలో ఒకటి అతికినట్టు సరిపోయాయి. ఇలాంటి రోజు శరత్ బాబుకు ఆకలి వెయ్యదు. పెద్ద తెల్లకాగితం పరచుకుని స్కేలు పెట్టి చెట్టు గీశాడు. పైన మునిగాడు, కింద చెంగయ్య, అతని పక్కనే అబ్రహాము అనే పేరు, కింద మునిచంద్ర తండ్రి, కింద మునిచంద్ర.

అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. భూమికి కావలసిన వారసుడు మునిచంద్ర, ఆయన పేరు వచ్చేసింది. కానీ బతికున్న కొమ్మను వదిలేసి చెట్టు పూర్తయిందనడం శరత్ బాబుకు చేతకాదు.

“నీకు పిల్లోళ్లెంతమందప్పా?”

“ఒకతే పాప సార్. కుప్పంలో గవర్మెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పోయినేడే వచ్చె.”

“పేరు?”

“పావని.”

“చర్చిలో?”

మునిచంద్రకు కూడా అప్పుడేమీ తోచలేదు. కూతురి సంగతి ఎవరన్నా అడిగితే ఆయనకు ఒళ్లు పొంగుతుంది. “గ్లోరియా సార్. మా నాయన పెట్టిన పేరు,” అన్నాడు.

శరత్ బాబు రెండు పేర్లూ పక్కపక్కన రాశాడు. ఆ ఆదివారం మదనపల్లె పోయి, ఆ కుటుంబం పోయే చర్చి రిజిస్టరు అడిగి చూసి, నంబరు తెచ్చుకుని పెద్ద పుస్తకంలోని ఎర్రసిరా గడిలో ఎక్కించాడు. సోమవారం రేవతిని అడిగి గ్రంథాలయం ముద్ర వేసి చెట్టు కాగితం మునిచంద్ర చేతిలో పెట్టాడు.

మరుసటేడు ఆ కాగితంతో భూమి మునిచంద్ర పేరు మీదికి వచ్చింది. ఆయన ఒక బాక్సు టమాటాలు తెచ్చి శరత్ బాబు ఇంట్లో దించిపోయాడు. పుష్పమ్మ పచ్చడి పెట్టి వీధంతా పంచింది. జీవితంలో తాను చేసిన పని ఒక మనిషి కాలికింద నేలగా మారడం శరత్ బాబు కళ్లారా చూసింది అప్పుడే.

శ్రీనివాసులు చెడ్డవాడేమీ కాదు. పదకొండేళ్లు ఆ నేలకు నీళ్లు తోలాడు, బోరు వేశాడు, చెట్లు కాపుకొచ్చాయి. ఇప్పుడది చేతిలోంచి పోయింది. సమాచార హక్కు కింద ఫైలు మొత్తం కాపీ తీసుకున్నాడు. చదివింది ఏడో తరగతే, అయినా ఆఖరి వరుస దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. పావని, గ్లోరియా. కుప్పంలో ఆ పిల్ల ఉద్యోగం ఏ కోటాలో వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు. క్రైస్తవురాలు ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉద్యోగం చేస్తోందని అర్జీ పెట్టి, రుజువుగా చెట్టు కాగితం జతచేశాడు. ముద్ర స్పష్టంగా పడింది.

నోటీసు పావనికి ఆసుపత్రికే వచ్చింది, వార్డులో అందరి ముందూ. మరునాడే సెలవు పెట్టి, తండ్రిని వెంటబెట్టుకుని పుంగనూరు గ్రంథాలయానికి వచ్చింది. శరత్ బాబు ఆ అమ్మాయిని చూడటం అదే మొదటిసారి. సన్నగా, నిటారుగా ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“సార్, నన్ను యాల రాసినారు?”

“నువ్వు ఉండావు కాబట్టి రాసినానమ్మా.”

“ఉండాననే ఇప్పుడు ఉద్యోగం పోతాండాది. కేసు గూడా పెడతారంట. భూమికి నా పేరు కావాలని ఎవరైనా అడిగినారా?”

“అడగలేదు.”

“మరి?”

చెట్టు పూర్తికావాలి అన్నది ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పగలిగిన మాట కాదు.

మునిచంద్ర మధ్యలోకి వచ్చాడు. “పోనీలేమ్మా, సెప్పింది నేనే కదా. సార్, లాయరు దగ్గిరికి పోయొచ్చినాం. విచారణకు నిన్ను పిలుస్తారంట. ఆ ఆఖరు వరస ఎవరో సెప్తే రాసినా, నేను సూడలేదు, తప్పు పడింది అని నువ్వొక మాటంటే సాలంట. పైన ఉండే తాతల జోలికి పోవద్దు. భూమి నిలబడతాది, పాప ఉద్యోగం నిలబడతాది.”

“ఆధారం ఉండాది కదప్పా. నేనే పోయి సూసొచ్చినా.”

“ఉంటే ఉండనీ సార్. నువ్వు లేదను.”

“ఇన్నేండ్లలో నా పుస్తకంలో తప్పు ఉండాదని ఎవురూ అనలేదు.”

“ఇప్పుడు మీరే అనండి,” అంది పావని. “ఒక్క తప్పు ఒప్పుకుంటే మీకేం పోతాది సార్? పెన్షను ఆపరు కదా.”

రేవతి కంప్యూటర్ వెనక తల వంచుకుని ఏదో టైపు చేస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా చెప్పాడు. పుష్పమ్మ బియ్యం ఏరుతూ వింది. ఆయన చివరికి, అబద్ధం చెప్పడం తన వల్ల కాదేమోనన్నాడు. ఆమె చేట కింద పెట్టింది.

“మీ నాయన నిజం సెప్పి నీ ఉద్యోగం పోగొట్టె. నువ్వు నిజం సెప్పి ఆ పాప ఉద్యోగం పోగొడతావా? మీ ఇంటి నిజాలకు ఎంతమంది ఉద్యోగాలు కావాలప్పా?”

“పాపం కదా పుష్పా.”

“పాపమైతే నా పద్దులో రాసుకో. ఎర్రసిరాతో.”

నిజం మనిషిని విడిపిస్తుందని ఆయన చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాడు. తండ్రిని విడిపించిందేమో, తనకు తెలియదు. తనను మాత్రం మూడో గ్రేడులో కట్టిపడేసింది. ఆ వారమంతా అద్దం ముందు నిలబడి, ఎవరో చెబితే రాశాను, నేను చూడలేదు అని పలికి చూసుకున్నాడు. అరవైనాలుగేళ్ల వయసులో మనిషి అబద్ధం నేర్చుకోవడం ఈత నేర్చుకోవడం లాంటిది. ఒళ్లు సహకరించదు.

విచారణ 2024 వేసవిలో జిల్లా కేంద్రంలో జరిగింది. శరత్ బాబు తెల్లచొక్కా వేసుకుని, మునిచంద్రతో కలిసి పొద్దున బస్సుకు పోయాడు. పావని కుప్పం నుంచి నేరుగా వచ్చింది. వరండాలో బెంచీ చివర రేవతి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో తెల్లగుడ్డ చుట్టిన పెద్ద పుస్తకం.

“నువ్వేందమ్మా ఈడ?”

“పుస్తకం తెమ్మని మొన్న ఆఫీసుకు లెటర్ వచ్చింది సార్,” అంది రేవతి. కళ్లు ఎత్తలేదు. “మీకు సెప్పొద్దని రాసినారు. తేకపోతే నాకు మెమో ఇస్తారు.”

అప్పుడైనా వెనక్కి తిరిగి ఉండొచ్చు. కానీ పావని ఆ బెంచీకి అవతల నిలబడి ఆయన వైపే చూస్తోంది. ఆయనకు అద్దం ముందు కంఠతా వచ్చిన మాట ఒక్కటే ఉంది. లోపలికి పోయాడు.

టేబులు అవతల కూర్చున్న అధికారి నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. శ్రీనివాసులు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శరత్ బాబు చెప్పాడు. ఆ ఆఖరి వరుస ఎవరో చెబితే రాశాననీ, తాను చూడలేదనీ, అది తప్పనీ. పక్కన గుమాస్తా టైపు చేసుకున్నాడు. పైనున్న వరుసలు సరైనవేనా అని ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఆవిడ పుస్తకం తెప్పించుకుని గుడ్డ విప్పింది. పేజీ వెతకడానికి అరనిమిషం కూడా పట్టలేదు. అక్షరక్రమం అంత బాగా ఉంది.

“చదువుతాను, వినండి. ‘పావని, చర్చి పేరు గ్లోరియా, మునిచంద్ర కూతురు. ఆధారం: చర్చి రిజిస్టరు, 1997, నంబరు పదిహేడు. ఆదివారం పోయి స్వయంగా చూశాను. పేజీ మూల చిరిగింది, నంబరు కనబడుతోంది.’ ఈ చేతిరాత మీదేనాండీ?”

“నాదే మేడమ్.”

“మరి అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?”

“అప్పుడే తప్పు రాసినాను మేడమ్.”

ఆవిడ చిరిగిన మూల మాట మీద వేలు పెట్టింది. “ఇంత బాగా రాసిన తప్పు నేనింతవరకు చూడలేదండీ,” అంది. వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నట్టుంది. తరవాత టైపు చేసిన వాంగ్మూలం ఆయన ముందుకు జరిపింది. ఆయన సంతకం చేశాడు. నాలుగైదు వందల కాగితాల మీద చేసిన సంతకమే. కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

బయటికొస్తే పావని అడిగింది. “ఏమన్నారు సార్?”

“పుస్తకం సూసినారు.”

రేవతి పుస్తకానికి మళ్లీ గుడ్డ చుట్టింది. అందరూ ఒకే హోటల్లో వేరువేరు టేబుళ్ల దగ్గర అన్నం తిన్నారు.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. పావని ఎస్సీ సర్టిఫికెట్ రద్దయింది, దాంతో ఉద్యోగం పోయింది. గ్రంథాలయ పుస్తకంలోని వివరాలు నమ్మదగినవనీ, వాటికి విరుద్ధంగా ఇచ్చిన వాంగ్మూలం నమ్మదగినది కాదనీ అందులో రాశారు. పావని కుప్పంలో గది ఖాళీ చేసింది. మదనపల్లెలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేరింది. అక్కడ కోటా ఉండదు, సెలవూ ఉండదు.

అంతటితో అయిపోలేదు. భూమి మీద శ్రీనివాసులు వేసుకున్న అప్పీలు ఇంకో ఆఫీసులో నడుస్తోంది. ఆయన శరత్ బాబు వాంగ్మూలం కాపీ పట్టుకుపోయి అక్కడ దాఖలు చేశాడు. రాసినవాడే తప్పు రాశానని సంతకం పెట్టిన కాగితం మీద భూమి ఎలా ఇస్తారని ఆయన వకీలు అడిగాడు. అక్కడి అధికారికి అది సబబుగానే తోచింది. మునిచంద్ర పేరు కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి విచారించమన్నారు. ఒక ఆఫీసు శరత్ బాబు అబద్ధాన్ని నమ్మలేదు. ఇంకో ఆఫీసు నమ్మింది. రెండూ తమతమ పరిధిలో సరిగానే పనిచేశాయి.

మునిచంద్ర తిట్టడానికి కూడా రాలేదు. దారిలో కనబడితే లారీ ఆపకుండా చెయ్యెత్తిపోయేవాడు. తిడితేనే బాగుండేదని శరత్ బాబు పుష్పమ్మతో అన్నాడు. “తిట్టేకి తీరిక ఉండాల కదప్పా,” అందామె.

ఆ తరవాత గ్రంథాలయానికి జనం ఇద్దరిద్దరుగా రావడం మొదలుపెట్టారు. ఆయన కాగితంతో ఒకప్పుడు పని చేయించుకున్నవాళ్లే. పింఛను వచ్చిన పెద్దావిడ, మనవడికి హాస్టల్ సీటు వచ్చిన తాత. బెంచీ అంచున కూర్చుని, వానల సంగతి, టమాటా రేటు సంగతి మాట్లాడి, లేవబోతూ గొంతు తగ్గించి అడిగేవాళ్లు. “సార్, మా పేజీ సించెయ్యి. ఎవురికీ సెప్పంలే.” పేజీలకు నంబర్లున్నాయనీ, చించితే తన మీదికొస్తుందనీ రేవతి మర్యాదగా చెప్పి పంపేది. ఈ పుస్తకం వల్ల తమకు మేలు జరగలేదని వాళ్లలో ఒక్కరూ అనలేదు. జరిగిన మేలు చాలు, ఇంక ఇది ఉండకూడదు అన్నదే వాళ్ల మాట.

శరత్ బాబు ఇప్పుడూ పదింటికి వస్తాడు. బీరువాల తాళాలు మాత్రం రేవతి దగ్గరే ఉంటాయి. ఆయన అడగడు, ఆమె ఇవ్వదు. కొత్తగా ఎవరైనా వచ్చి వంశవృక్షం రాసిమ్మంటే ఆయన పేపరులోంచి తలెత్తి, మండలాఫీసులో అడగమంటాడు. వాళ్లు, మండలాఫీసువాళ్లే ఈడికి పంపినారు అంటారు.

ఈ ఏడు మొదట్లో ఒక శనివారం పావని వచ్చింది. నర్సుల పోస్టులకు మళ్లీ నోటిఫికేషను పడిందట. చేతిలో ఫారం ఉంది. ఈసారి కూర్చుంది.

“ఇంక దాచేదేముండాది సార్. గ్లోరియా అనే పేరు మీదనే బీసీ-సి సర్టిఫికెట్‌కు పోయినా. అది క్రైస్తవుల్లోకి మారిన ఎస్సీల బిడ్డలకే కదా ఇచ్చేది. మా తాతోళ్ల నాయన ఎస్సీల్లో నుంచి మారినట్టు రుజువు తెమ్మన్నారు.”

“1948 పుస్తకంలో ఉండాది కదమ్మా. అరవైమూడు.”

“కాపీ పోయిన్నెల రేవతక్క ఇచ్చింది. తీసకపోయినా. దాంట్లో అబ్రహాము ఉండాడు, సరే, ఆ అబ్రహాముకు నువ్వేమవుతావమ్మా అని అడిగినారు. మీ చెట్టు కాయితం సూపించినా.”

శరత్ బాబు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“ఆయన రాసిచ్చిందా, ఆయనే తప్పని సంతకం పెట్టినాడు కదమ్మా అన్నారు. ఫైల్లో ఉండాది కూడా. ఇంకెవురిదైనా సంతకం తెస్తే సూస్తారంట. సార్, మన పక్క ఇంకెవురన్నా ఉండారా, ఇట్ల రాసేవాళ్లు?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆ రిజిస్టర్లు చదివిన పాత పాస్టరు చనిపోయాడు. బడి హెడ్మాస్టరు చనిపోయాడు. అబ్రహాము సమాధి తవ్వినప్పుడు చూసిన ఊరి పెద్దలు ఎవరూ ఇప్పుడు లేరు. ముప్పై ఏళ్లుగా అందరూ ఆయన్నే అడిగారు కాబట్టి, ఇంకొకరు నేర్చుకోలేదు.

“లేరమ్మా.”

“అయితే ఈ గడిలో ఏం రాసుకోవాల?” ఫారం ఆయన వైపు తిప్పింది. కులం అని ఉన్న గడి. “ఎస్సీ రాస్తే కేసు. బీసీ రాస్తే కాయితం లేదు.”

“ఓసీ అని రాసుకోమ్మా,” అన్నాడు శరత్ బాబు. “దానికి ఎవురూ రుజువు అడగరు.”

పావని ఆయన ముఖం చూసింది, వేళాకోళమేమోనని. కాదు.

“ఓసీలో కటాఫ్ ఎంతకు ఆగిందో తెలుసునా సార్, పోయినసారి?”

“తెలుసు. పేపర్లో సూసినా.”

“నాకు దానికంటే పదకొండు మార్కులు తక్కువ.”

“అదీ తెలుసు. ఉత్తర్వులో రాసినారు.”

పక్క టేబుల్లో పోటీ పరీక్షల కుర్రాళ్లు జవాబులు సరిచూసుకుంటున్నారు. పావని ఆయన జేబులోంచి పెన్ను తీసుకుని ఓసీ అని రాసింది. కింద తండ్రి పేరు అడిగారు, రాసింది. దాని కింద సెల్ నంబరు. తాత పేరు ఆ ఫారంలో ఎక్కడా అడగలేదు. సంతకం చేసి, పెన్ను టేబుల్ మీద పెట్టి, మదనపల్లె బస్సుకు టైమైందని లేచింది.